నల్లబడిన పాత మానిటర్: విప్పే ముందు సెకన్లు లెక్కపెట్టండి

మే నెల మిట్టమధ్యాహ్నం విజయవాడలో ఒక సెకండ్ హ్యాండ్ షాపులో 19 అంగుళాల ఎల్‌సీడీ మానిటర్ కొన్నాను. షాపులోనే అరగంట నడిపించి చూశాను, తేడా ఏమీ కనపడలేదు. నవంబరు దాకా ఇంట్లో కూడా బాగానే నడిచింది. ధనుర్మాసం వచ్చేసరికి మొదలైంది గొడవ. పొద్దున్నే గుళ్ళో తిరుప్పావై వేస్తున్న వేళ స్విచ్ వేస్తే, కంపెనీ పేరు ఒక్కసారి మెరిసి, రెండు సెకన్లలో తెర నల్లబడేది. కింద లైటు మాత్రం నీలంగా వెలుగుతూనే ఉండేది. ఆపి మళ్ళీ వేస్తే మళ్ళీ అదే రెండు సెకన్లు. పదిపన్నెండుసార్లు నొక్కితే ఎప్పటికో నిలబడేది. మధ్యాహ్నం పూట మాత్రం ఒక్క నొక్కుకే వచ్చేది.

షాపతనికి ఫోన్ చేస్తే "కేబుల్ లూజయ్యుంటది సార్, మార్చి చూడండి" అన్నాడు. మార్చాను, తేడా లేదు. తర్వాత తెలిసిన మెకానిక్ ఒకాయన ఫోన్లోనే రెండు ప్రశ్నలు అడిగాడు. "ఎన్ని సెకన్లకి పోతోందండీ? చలికి ఎక్కువ పోతోందా, వేడికా?" నేను చెప్పింది విని, మానిటర్ మొహం కూడా చూడకుండా కెపాసిటర్లు, అంటే లోపలి బోర్డు మీద కరెంటు నిలవ ఉంచే చిన్న డబ్బాలు, పోయాయని తేల్చేశాడు. విప్పి చూస్తే నిజంగానే రెండు కెపాసిటర్లు పూరీల్లా పొంగి ఉన్నాయి. అప్పట్నుంచి చుట్టాలవి, పక్కింటివాళ్ళవి కలిపి అరడజను మానిటర్లు విప్పాను. ప్రతిసారీ ముందు ఆ రెండు ప్రశ్నలే అడుగుతాను. మీరూ అక్కణ్ణుంచే మొదలుపెట్టండి. స్క్రూడ్రైవర్ సంగతి తర్వాత.

మొదటి పని: లైటు, గడియారం

కంప్యూటర్‌కి తగిలించి మానిటర్ ఆన్ చేయండి. ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకోండి. తెర ఎప్పుడు పోయింది, పోయినప్పుడు పవర్ లైటు ఏ రంగులో ఉంది, ఈ రెండూ కాగితం మీద రాయండి. మూడుసార్లు చేయండి. ఒకసారి చూసి తేల్చేస్తే మోసపోతాం.

లైటే వెలగకపోతే లోపలికి కరెంటు వెళ్ళడం లేదు, లేదా పవర్ బోర్డు చచ్చింది. లైటు నారింజ రంగులోకి మారితే, లేదా మెల్లగా మిణుకుమంటుంటే, మానిటర్‌కి బొమ్మ అందక నిద్రలోకి పోయిందని అర్థం. తప్పు చాలావరకు కేబుల్‌ది, లేకపోతే కంప్యూటర్‌ది. లైటు నీలంగానో ఆకుపచ్చగానో నిలకడగా ఉండి, తెర ఒకటి రెండు సెకన్లలో నల్లబడితే వెనక వెలిగే దీపాల దగ్గరో, వాటికి కరెంటు పంపే చోటో తేడా ఉంది. ఇరవై నిమిషాలు నడిచి, వేడెక్కాక పోతుంటే డ్రై సోల్డర్, అంటే బోర్డు మీద ఎక్కడో అతుకు చీలిందని అనుకోండి. బల్ల కదిలినప్పుడల్లా పోయి వస్తుంటే పిన్నో సాకెట్టో వదులైంది.

ఇంకో మాట. నిమిషాలు లెక్కపెట్టినట్టు పోతుంటే అసలు అనుమానించాల్సింది మానిటర్‌ని కాదు. గుంటూరు అరండల్‌పేటలో రూమ్‌లో ఉంటున్న మా మేనల్లుడు ఒకసారి కంగారుగా ఫోన్ చేశాడు. "మామయ్యా, పదిహేను నిమిషాలకి టంచనుగా పోతోంది." పాడైన వస్తువు అంత టంచనుగా పనిచేయదురా అన్నాను. విండోస్‌లో పవర్ సెట్టింగ్స్ తెరిపిస్తే, 15 నిమిషాలకి తెర ఆపేయమని పెట్టి ఉంది. కొన్ని మానిటర్ల సొంత మెనూలో కూడా ఆఫ్ టైమర్ ఉంటుంది. పాత యజమాని పెట్టింది అలాగే ఉండిపోతుంది. సెకండ్ హ్యాండ్ కొన్నాక మెనూలోకి వెళ్ళి ఒకసారి రీసెట్ కొట్టడం మంచిది.

రెండో పని: కేబుల్ పీకి చూడటం

కంప్యూటర్ కేబుల్ మానిటర్ వెనక నుంచి పీకేసి, పవర్ మాత్రమే ఇచ్చి ఆన్ చేయండి. మంచి మానిటర్ అయితే "నో సిగ్నల్" అనో "చెక్ కేబుల్" అనో ఒక చిన్న డబ్బా తెర మీద చూపిస్తుంది. కొన్ని సెకన్లు చూపించి నిద్రలోకి పోతుంది, లైటు రంగు మారుతుంది. అది సహజం, రోగం కాదు. అలా కనిపిస్తే దీపాలు, పవర్ బోర్డు దాదాపు క్షేమమే. ఆ డబ్బా మెరిసి, లైటు రంగు మారకుండానే తెర చీకటైపోతే మాత్రం తప్పు మానిటర్ లోపలే ఉంది.

మానిటర్ మంచిదే అని తేలితే కేబుల్ చూడండి. పాత మానిటర్లకి ఉండే విజీఏ రకం ప్లగ్గులో 15 పిన్నులు ఉండాలి. చాలా కేబుళ్ళలో 9వ పిన్ను కంపెనీవాళ్ళే పెట్టరు, దాన్ని చూసి కంగారుపడకండి. వంగిన పిన్ను ఉంటే సన్నటి పట్టకారుతో మెల్లగా నిలబెట్టండి. రెండు పక్కలా ఉండే స్క్రూలు బిగించండి. ఈ ఒక్క పనితో బాగైన మానిటర్లు నేను చూశాను.

కొత్త కంప్యూటర్‌కి పాత మానిటర్ తగిలించేవాళ్ళు హెచ్‌డీఎంఐ నుంచి విజీఏకి మార్చే చిన్న కన్వర్టర్ వాడతారు. అది ఉత్త ప్లగ్గు కాదు, లోపల చిప్ ఉంటుంది, హెచ్‌డీఎంఐ నుంచే 5 వోల్టులు తీసుకుంటుంది. నాసిరకంది అయితే వేడెక్కి సిగ్నల్ వదిలేస్తుంది. తెర ఒక సెకను పోయి మళ్ళీ వస్తుంటే ముందు దీన్ని మార్చి చూడండి.

"అవుట్ ఆఫ్ రేంజ్" అని వస్తే అది పాడవడం కాదు. తట్టుకోలేని రిజల్యూషన్ పంపుతున్నారంతే. చదరంగా ఉండే 17, 19 అంగుళాలవాటికి మామూలుగా 1280×1024, వెడల్పాటి 19కి 1440×900, 18.5కి 1366×768, 22కి 1680×1050 సరిపోతాయి. రిఫ్రెష్ రేటు 60 పెట్టండి. తెర కనపడక మార్చలేకపోతే సేఫ్ మోడ్‌లోకి వెళ్ళి మార్చాలి.

కేబుల్ మార్చినా లైటు నారింజ రంగులోనే ఉందా? కంప్యూటర్ ఫ్యాన్లు తిరుగుతూ బొమ్మ రావట్లేదా? ర్యామ్ తీసి, బంగారు రంగు కొసల్ని మామూలు రబ్బరుతో రుద్ది, తుడిచి, మళ్ళీ గట్టిగా పెట్టండి. వినడానికి చిట్కా వైద్యంలా ఉంటుంది గానీ పనిచేస్తుంది.

మూడో పని: టార్చి

గది చీకటి చేయండి. కంప్యూటర్ నడుస్తుండగా నల్లటి తెర మీద ఫోన్ టార్చిని ఏటవాలుగా, తెరకి బాగా దగ్గరగా పట్టుకోండి. లోపల ఐకాన్లు, మౌస్ బాణం లీలగా కదులుతూ కనిపిస్తే బొమ్మ వస్తోంది, వెలుగే లేదు. ఎల్‌సీడీ తెర తనంతట తాను వెలగదు. వెనక దీపం ఉండాలి, ముందున్న ద్రవ స్ఫటికాలు ఆ వెలుగుని ఆపుతూ వదులుతూ బొమ్మ చేస్తాయి. టార్చికి కూడా ఏమీ కనపడకపోతే బొమ్మ తయారుచేసే మెయిన్ బోర్డు, లేదా దాన్నుంచి తెరకి వెళ్ళే రిబ్బన్ కేబుల్ దగ్గర తేడా ఉండొచ్చు.

బొమ్మ లీలగా కనిపించిందంటే సంతోషించండి. బాగయ్యే రోగాల్లో ఎక్కువ భాగం ఇవే.

ఇక్కడ ఇంకో చిన్న పరీక్ష ఉంది. తెర నిలబడిన కాస్త సమయంలోనే మెనూలో బ్రైట్‌నెస్ 20కో 30కో తగ్గించండి. తగ్గించాక ఎక్కువసేపు నిలబడితే కరెంటు సరఫరా నీరసించింది. కెపాసిటర్లు గానీ అడాప్టర్ గానీ. తగ్గించినా అదే రెండు సెకన్లకి పోతే దీపం గానీ, దాన్ని వెలిగించే లోపలి భాగం ఇన్వర్టర్ గానీ పోయి ఉండొచ్చు. మొదటి నిమిషంలో తెర గులాబీ రంగుకో ఎరుపుకో తిరిగి, తర్వాత తెల్లబడుతుంటే దీపాలు ముసలివైపోయాయి.

బయట అడాప్టర్ ఉండే రకం అయితే

ఎల్ఈడీ మానిటర్లు చాలావాటికి ల్యాప్‌టాప్‌కి ఉన్నట్టు బయట అడాప్టర్ ఉంటుంది. సెకండ్ హ్యాండ్‌లో అసలుది ఎక్కడో పోయి, చేతికి దొరికింది అంటగడతారు. మానిటర్ వెనక స్టిక్కర్ మీద ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు అని రాసి ఉంటుంది. శామ్‌సంగ్‌లో 14 వోల్టులవి, ఎల్జీలో 19 వోల్టులవి ఎక్కువ కనిపిస్తాయి. వోల్టులు సరిగ్గా సరిపోవాలి. ఆంపియర్లు అంతకన్నా ఎక్కువున్నా ఫర్వాలేదు, తక్కువుంటే మాత్రం తెర వెలగబోయి ఆరిపోతుంది. ప్లస్, మైనస్ గుర్తు కూడా కలవాలి. ప్లగ్గు దూరింది కదా అని పెట్టేయకండి.

నాలుగో పని: విప్పడం

పవర్ బోర్డు లోపలే ఉన్న రకం అయితే ఇక్కడ జాగ్రత్త. మన 230 వోల్టుల కరెంటు లోపల డీసీగా మారాక ఇంచుమించు 325 వోల్టులు అవుతుంది. బోర్డు మీద అన్నిటికన్నా లావుగా, 400 లేదా 450 వోల్టులని రాసి ఉండే కెపాసిటర్‌లో ఆ చార్జి ప్లగ్గు తీశాక కూడా కాసేపు నిలిచి ఉంటుంది. షాక్ గట్టిగా కొడుతుంది, ప్రాణం మీదకి రావచ్చు. ప్లగ్గు తీసేసి, పవర్ బటన్ నొక్కి పట్టుకుని, పదిహేను నిమిషాలు వదిలేయండి. విప్పాక మల్టీమీటర్‌ని డీసీ 600 లేదా 1000 వోల్టుల మీద పెట్టి ఆ లావుపాటిదాని కాళ్ళ మధ్య కొలవండి. ఇంకా పదుల్లో చూపిస్తే, హోల్డర్‌కి రెండు వైర్లు బిగించిన పాత ఫిలమెంట్ బల్బుని తాకించి దింపండి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసేవాళ్ళని చూసి మీరూ చేయకండి. నిప్పురవ్వ ఎగిరి ట్రాక్ కాలిపోతుంది. దీపాలు వెలిగే సమయంలో ఇన్వర్టర్ దగ్గర వందల వోల్టులు, ఒక్కోసారి వెయ్యి దాటి కూడా ఉంటాయి. కరెంటు ఉండగా అక్కడ వేలు పెట్టే పనే లేదు. ఈ పేరా చదివి భయమేస్తే ఇక్కడితో ఆపి మెకానిక్‌కి ఇచ్చేయండి, అందులో చిన్నతనం ఏమీ లేదు.

మంచం మీద మెత్తటి దుప్పటి పరిచి మానిటర్‌ని బోర్లా పెట్టండి. స్టాండు స్క్రూలు, వెనక స్క్రూలు తీయండి. చుట్టూ ఉన్న ప్లాస్టిక్ చట్రం స్క్రూలతో కాదు, లోపలి కొక్కేలతో పట్టుకుని ఉంటుంది. గడువు తీరిన ఏటీఎం కార్డుని కింది అంచు సందులో దూర్చి, మెల్లగా జరుపుకుంటూ పోతే టక్ టక్‌మని ఊడతాయి. స్క్రూడ్రైవర్‌తో పెకిలిస్తే తెర అంచు పగులుతుంది. పగిలిందంటే మానిటర్ పని అంతటితో సరి.

రేకు మూత ఎత్తే ముందు పక్కనుంచి వచ్చే దీపాల వైర్లు తీయాలి. ప్లగ్గు పట్టుకుని నిటారుగా లాగండి, వైరు పట్టుకుని కాదు. ప్రతి మెట్టుకీ ఒక ఫోటో. ఏ స్క్రూ ఎక్కడిదో గుర్తుండదు, ఉంటుందని అనుకుంటాం అంతే.

మూత తీయగానే విజయవాడవాళ్ళు ఒకటి ప్రత్యేకంగా చూడాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్ళల్లో రోజుల తరబడి నీళ్ళు నిలిచాయి. అలా మునిగి ఆరిన వస్తువు పైకి తుడిస్తే కొత్తదానిలా మెరుస్తుంది. లోపల రేకు మీద గీత గీసినట్టు బురద మరక, తుప్పు పట్టిన స్క్రూలు, బోర్డు మీద పచ్చటి చిలుము ఉంటే ఇక మరమ్మతు మీద డబ్బు పెట్టకండి. ఒకచోట బాగుచేస్తే నెలకి ఇంకోచోట పోతుంది.

ఉబ్బిన కెపాసిటర్లు

పవర్ బోర్డు మీద నిలబెట్టిన చిన్న డబ్బాల్లా ఉండేవే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు. ఫ్యాను మెల్లగా తిరిగినప్పుడు ఎలక్ట్రీషియన్ మార్చే 2.5 మైక్రోఫారడ్ డబ్బాకి ఇవి దూరపు చుట్టాలు. తేడా ఏమిటంటే వీటికి ప్లస్, మైనస్ ఉంటాయి. పైన అల్యూమినియం మీద గాట్లు ఉంటాయి. ఆ మూత బల్లపరుపుగా ఉండాలి. కొంచెం పొంగినా, గోధుమరంగు జిగురు కారినా అది పోయినట్టే. 2000 తర్వాత తొలి ఏళ్ళలో నాసిరకం ద్రవం నింపిన కెపాసిటర్లు ప్రపంచమంతా లెక్కలేనన్ని పరికరాల్లోకి వెళ్ళాయి. అప్పటి మానిటర్లు ఈ రోగానికి పెట్టింది పేరు. పైగా మన ఎండలు. కెపాసిటర్ ఉన్నచోట వేడి 10 డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సుమారు సగమవుతుందని ఎలక్ట్రానిక్స్‌లో ఒక లెక్క. బెజవాడలో రేకుల షెడ్డు కింద నడిచిన మానిటర్ సంగతి మీరే ఊహించుకోండి.

చలికి ఎందుకు మొరాయిస్తుంది అన్నది ఇక్కడే తేలుతుంది. ముసలి కెపాసిటర్‌లో లోపలి నిరోధం పెరుగుతుంది, చల్లగా ఉంటే ఇంకా పెరుగుతుంది. దీపాలు ఒక్కసారిగా కరెంటు లాగేసరికి వోల్టేజీ కూలుతుంది. ఇన్వర్టర్ అది గమనించి తనని తాను ఆపేసుకుంటుంది. కొంచెం వేడెక్కాక నిరోధం తగ్గి నిలబడుతుంది. అందుకే నా మానిటర్ మేలో మంచిదైంది, డిసెంబర్లో చెడ్డదైంది. ఆ మెకానిక్ అడిగిన రెండో ప్రశ్న దీనికోసమే. చలికాలం పొద్దున పాత మానిటర్ కొనడానికి వెళ్తే దాని గుణం బయటపడుతుంది. షాపతను ముందే ఆన్ చేసి ఉంచితే, వెనక చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే ఆపి, చల్లారాక మళ్ళీ వేయమనండి.

మార్చేటప్పుడు పాతదాని మీద ఉన్న మైక్రోఫారడ్ విలువే కొత్తదానిదీ కావాలి. 1000 మైక్రోఫారడ్ 16 వోల్టులు, 470 మైక్రోఫారడ్ 25 వోల్టులు లాంటివి ఎక్కువ కనిపిస్తాయి. వోల్టులు అంతే ఉండొచ్చు, ఎక్కువ ఉండొచ్చు, తక్కువ మాత్రం ఉండకూడదు. 105 డిగ్రీలని రాసినవి, లో ఈఎస్ఆర్ (లోపలి నిరోధం తక్కువుండే) రకం అడగండి. 85 డిగ్రీలవి ఇస్తే వద్దనండి. ఎత్తు, లావు కూడా కొలుచుకుని వెళ్ళండి, లేకపోతే రేకు మూత పడదు. పాతవి జేబులో వేసుకుని పోతే ఇంకా మేలు. రెండే ఉబ్బినా ఆ వరసలో ఉన్న అన్నిటినీ మార్చేయండి. ఒక్కొక్కటి కొద్ది రూపాయలే, మళ్ళీ విప్పే శ్రమే ఎక్కువ.

సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది చాలు. ఒక కాలు వేడిచేసి ఆ పక్కకి వంచి, రెండో కాలు వేడిచేసి ఈ పక్కకి వంచి, అలా నడిపిస్తూ బయటికి తీయాలి. రంధ్రంలో మిగిలిన లెడ్‌ని, అంటే అతుకు లోహాన్ని, డీసోల్డర్ పంపుతో లాగేయండి. కొత్తదాని ఒంటి మీద ఉన్న గీత మైనస్ వైపు. బోర్డు మీది గుర్తులు కంపెనీని బట్టి మారుతుంటాయి, కాబట్టి పాతదాన్ని తీయకముందు తీసిన ఫోటోనే నమ్మండి. తిరగేసి పెడితే టపాకాయలా పేలుతుంది.

కెపాసిటర్లు బాగానే ఉంటే

బోర్డు మీద గాజు ఫ్యూజు మల్టీమీటర్ కంటిన్యుటీలో (తీగ తెగిందో లేదో చెప్పే సెట్టింగులో) పలుకుతోందా చూడండి. ఫ్యూజు పోయిందంటే దాని వెనక ఏదో షార్ట్ అయి ఉంటుంది, ఉత్త ఫ్యూజు మారిస్తే అదీ పోతుంది. తర్వాత ఇన్వర్టర్. ఇంట్లో బ్యాటరీ మీద నడిచేది కాదండోయ్. తెర వెనక సన్నటి సీసీఎఫ్ఎల్ ట్యూబుల్ని వెలిగించే భాగం ఇది. దాని మీద ఒకేలాంటి ట్రాన్స్‌ఫార్మర్లు రెండుంటే, రెండింటి సెకండరీ (దీపాల వైపు) చుట్ల నిరోధం కరెంటు లేకుండా కొలవండి. దాదాపు సమానంగా ఉండాలి. ఒకటి బాగా తేడాగా చూపితే లోపల తీగ తెగిందో, షార్ట్ అయిందో. వేడెక్కాక పోయే రకం మానిటర్లలో ఈ ట్రాన్స్‌ఫార్మర్ల కాళ్ళ చుట్టూ భూతద్దంతో చూస్తే ఉంగరంలా సన్నటి చీలిక కనిపిస్తుంది. అదే డ్రై సోల్డర్. కొత్త లెడ్ పెట్టి మళ్ళీ అతికిస్తే సరి.

ట్యూబుల్లో ఒక్కటి పోయినా ఇన్వర్టర్ మొత్తాన్ని ఆపేస్తుంది. కొసలు మసిబారిన ట్యూబు చివరి దశలో ఉన్నట్టు. ట్యూబుకి బదులు మార్కెట్లో దొరికే ఎల్ఈడీ స్ట్రిప్ కిట్ వేసుకోవచ్చు. గుర్తులు ఉన్నచోటే, అంటే మూడేసి ఎల్ఈడీల దగ్గరే కత్తిరించాలి. డ్రైవర్‌కి నాలుగు వైర్లు: కరెంటు, గ్రౌండ్, ఆన్ ఆఫ్ సంకేతం, వెలుగు తగ్గించే సంకేతం. పాత ఇన్వర్టర్‌కి వెళ్ళే కనెక్టర్ పక్కన చాలావరకు అవి పేర్లతో సహా రాసి ఉంటాయి. పాత ఇన్వర్టర్‌కి సరఫరా తెంపేయడం మర్చిపోకండి. ఈ పనికి తెర పొరలు విప్పాలి, ఒక్క వేలిముద్ర పడినా జీవితాంతం కనిపిస్తుంది. మొదటిసారే దీని జోలికి పోవద్దని నా సలహా.

ట్యూబుల్లో కొద్దిగా పాదరసం ఉంటుంది. పగిలితే కిటికీలు తీసి, పిల్లల్ని బయటికి పంపి, ముక్కల్ని గట్టి కాగితంతో ఎత్తి మూత ఉన్న సీసాలో వేయండి, చీపురుతో ఊడవకండి. తీసేసిన ట్యూబులు కూడా చెత్తబండిలో కాదు, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్ళకే ఇవ్వాలి.

తెర మీద నిలువు గీతలు, లోపల పగులు, సిరా ఒలికినట్టు మచ్చ ఉంటే ఇవేవీ పనికిరావు. ప్యానెల్ మార్చడానికయ్యే ఖర్చుకి ఇంకో సెకండ్ హ్యాండ్ మానిటరే వస్తుంది.

అంతా అయ్యాక చట్రం వెంటనే బిగించకండి. రేకు మూత మాత్రం పెట్టి, పిల్లలకి అందనిచోట గంటసేపు తెల్లటి తెరతో నడపండి. ఆపి, రాత్రంతా వదిలేసి, పొద్దున్నే కాఫీ కూడా తాగకముందు మళ్ళీ వేయండి. మొదటి నొక్కుకే వచ్చి నిలబడితే అప్పుడు స్క్రూలు బిగించండి. నాది బిగించాక ఒకటి మిగిలింది. ఇప్పటికీ డ్రాయర్లో ఉంది.